వరుస తప్పిన అయిదు

కిందటి వారం మనం భూతద్దం మాస్టారిని ప్రదర్శన హాల్లో, చప్పట్ల మధ్య వదిలేసి వచ్చాం. పాత నోట్లు సేకరించేవాళ్లలో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. అచ్చు వేసేటప్పుడే తప్పు పడిన నోటు ఏదో, బయటికొచ్చాక ఎవరో చెయ్యి పెట్టి మార్చిన నోటు ఏదో తేల్చడం ఆయన పని. మొదటి రకమైతే అపురూపం, రెండో రకమైతే మోసం. ఆ ఆదివారం కాలరు నలిగిన చొక్కాతో ఒక పెద్దాయన వచ్చి, ప్లాస్టిక్ సంచిలోంచి ఒక పదినోటు తీసి ఆయన ముందు పెట్టాడు. నోటు మీద రెండు చోట్లా ఒకే నంబరు ఉండాలి కదా, దాని మీద ఎడమవైపు ఆరు ఉన్నచోట కుడివైపు అయిదు ఉంది. "నేను ముద్రణాలయంలో నంబర్ల మెషీను మీద పనిచేసినవాణ్ణి. ఇది..." అని ఆ పెద్దాయన మొదలుపెట్టాడో లేదో, మాస్టారు మైకు అందుకున్నారు. "గీకి దిద్దిన నోటు ఇది. మెషీను మీద పనిచేసినవాళ్లకి చేతివాటం కూడా బాగానే అబ్బుతుందన్నమాట!" హాలంతా గొల్లుమంది. పెద్దాయన నోటు బల్ల మీదే వదిలేసి, ఖాళీ సంచి మడత పెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున్న మాస్టారు కొట్టు తాళం తీసి, బల్ల మీద దుమ్ము దులుపుతూండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. భుజానికి సంచి, జేబులో గుర్తింపు కార్డు, కళ్ల కింద నిద్రలేని చారలు.

"మా నాన్న నోటు మీ దగ్గర ఉండిపోయింది సార్," అంది.

ఎవరి నోటో అడగనక్కర్లేకపోయింది. గడ్డం అచ్చు ఆ పెద్దాయనదే. మాస్టారు సొరుగు లాగి కవరు తీశారు. తీశాక గానీ గుర్తురాలేదు, దాని మీద తాను ఎర్ర సిరాతో 'దిద్దుడు' అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టిన సంగతి. బొటనవేలు అడ్డం పెట్టి ఇవ్వబోయారు. ఆ అమ్మాయి అప్పటికే చదివేసింది.

"తీసుకెళ్లడానికి రాలేదు సార్. చూపించడానికి వచ్చాను."

"చూసేశానుగా అమ్మా."

"అర నిమిషం చూశారట. మా స్నేహితురాలి భర్త ఆ రోజు హాల్లోనే ఉన్నాడు." ఆమె గొంతు పెంచలేదు. "నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజుకి ఎనభై స్లైడులు చూస్తాను. అర నిమిషంలో ఎవరికీ జబ్బు అంటగట్టను."

మాస్టారికి కాస్త కోపం వచ్చింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల తనకు పని నేర్పడమా? "ఇరవై అయిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నానమ్మా. నేను ఒకసారి తేల్చాక మళ్లీ తిరగతోడను. అలా చేస్తే నా మాటకు విలువేముంది?"

"సరే అయితే, కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మా నాన్న దొంగ అని. మైకులో అన్న మాటే కదా, రాయడానికేం? ఆదివారం నుంచి ఆయన అన్నం ముందు కూర్చుంటాడు, లేస్తాడు. పాత ఉద్యోగుల సంఘం వాళ్లు ఫోన్ చేస్తే తియ్యడు. వంట్లో బాగోలేదేమో అనుకుంటోంది మా అమ్మ. ఆవిడకి ఇంకా ఏమీ తెలీదు."

మాస్టారు కాగితం తీసుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఎన్నిసార్లు చూసినా అదే అమ్మా," అన్నారు గానీ, ఆ మాటలో ఆదివారం నాటి ధాటి లేదు.

దిద్దిన నోటుని పట్టుకోవడానికి మూడు పనులు చెయ్యాలని ఆయనే కొత్తవాళ్లకు పాఠం చెప్తారు. నోటుని పడుకోబెట్టి, దీపం పక్క నుంచి వాలుగా పట్టాలి. గీకినచోట కాగితం పీచు లేచి, చిన్న చిన్న నీడలు పడతాయి. తర్వాత యూవీ లైటు కింద పెట్టాలి. మందు రాసి సిరా కడిగినచోట కాగితం వేరే రంగులో మెరుస్తుంది. ఆఖరున నోటు తిరగేసి వెనక చూడాలి. నంబర్లు వేసేది ఇనుప అంకెల చక్రాలు, అవి కాగితాన్ని నొక్కుతాయి, ఆ నొక్కు వెనకవైపు ఉబ్బుగా తేలుతుంది. కలంతో ఎంత అందంగా దిద్దినా ఉబ్బు రాదు. ఆదివారం ఈ మూడింట్లో ఒక్కటీ ఆయన చెయ్యలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి చేతులు కట్టుకుని చూస్తూంటే, పాఠం అప్పజెప్పేవాడిలా ఒక్కొక్కటే మొదలుపెట్టారు.

వాలు వెలుతురులో కాగితం నున్నగా ఉంది. అయిదు చుట్టూ ఒక్క పీచు లేవలేదు.

యూవీ లైటు కింద నోటంతా ఒకే రంగు. మచ్చ లేదు.

తిరగేశారు. వేలి కొసతో తడిమారు. అయిదు ఉబ్బు తక్కిన అంకెలతో సమానంగా, అదే లోతులో తగిలింది.

మళ్లీ ముందుకు తిప్పి, అద్దం దగ్గరగా పెట్టారు. ఆ రోజు దొంగతనాన్ని పట్టిచ్చాయని తాను అనుకున్నవి రెండే గుర్తులు. అయిదు తక్కిన అంకెల వరుసలో నిలబడకుండా వెంట్రుకవాసి పైకి జరిగి ఉంది. దాని కింద నల్లటి సిరా కొస ఒకటి ఉంది. పాత అంకెని గీకగా మిగిలిన ముక్క అది అనుకున్నారు. ఇప్పుడు చూస్తే ఆ కొస కూడా కాగితంలోకి నొక్కుకునే ఉంది. గీకగా మిగిలినది అలా ఉండదు.

"ఏమైంది సార్?" అంది ఆ అమ్మాయి.

ఆయన సొరుగంతా వెతికి, రసీదుల మీద నంబర్లు వేసే చేతి స్టాంపు తీశారు. దాన్లోనూ అంకెల చక్రాలే. ఒక చక్రాన్ని గోటితో అయిదు నుంచి ఆరుకి తిప్పుతూ, సగం దారిలో ఆపేశారు. సిరాలో అద్ది తెల్లకాగితం మీద నొక్కారు. అయిదు పైకి జరిగి పడింది. దాని కింద, ఇంకా పూర్తిగా రాని ఆరు తలకాయ, నల్లటి కొసలా పడింది.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తూ ఎంతసేపు కూర్చున్నారో ఆయనకే తెలియలేదు. ఎడమవైపు చక్రం ఆరుకి తిరిగింది. కుడివైపు చక్రం సగంలో బిగుసుకుపోయింది. ఎవరూ గీకలేదు, ఎవరూ దిద్దలేదు.

ఆ క్షణంలో ఆయన బుద్ధి పోయిన పోకడ చెప్పుకోవడానికే సిగ్గుచేటు. 'కచ్చితంగా చెప్పలేం' అంటే సరిపోతుంది కదా అనిపించింది. అంత పాత నోటు, పెద్ద ల్యాబ్‌కి పంపాలి, నెలలు పడుతుంది అనొచ్చు. ఈ పిల్లకేం తెలుసు? నోరు తెరిచారు కూడా. కానీ ఆమె బల్ల మీదికి వంగి తెల్లకాగితాన్నీ నోటునీ మార్చి మార్చి చూస్తోంది. రోజుకి ఎనభై స్లైడులు చూసే కళ్లు అవి.

"అసలుదే," అన్నారు.

"వినిపించలేదు సార్."

"నోటు అసలుదేనమ్మా. తప్పు మెషీనుది. అంటే... ఆదివారం తప్పు నాది."

ఆమె ముఖంలో గెలుపేమీ కనపడలేదు. కుర్చీలో కూలబడి, కాసేపు నుదురు పట్టుకుంది. "మరి ఆదివారం అంత గట్టిగా ఎలా అన్నారు? దేన్ని చూసి?"

ఆయన చెయ్యి దానంతట అదే గోడవైపు లేచింది. అక్కడ అద్దాల ఫ్రేములో ఒక నోటు ఉంది. ఆయన రాసిన పుస్తకం అట్ట మీద ఉన్నది ఆ నోటు బొమ్మే. ఎడమవైపు మూడు, కుడివైపు ఎనిమిది. పాతికేళ్ల కిందట కొన్న ఆ నోటే ఆయనకి పేరు తెచ్చింది. ఎనిమిది ఎంత చక్కగా వరుసలో నిలబడిందో! అసలైన అచ్చుతప్పు ఇలా ఉంటుంది అని ఆయన వందలమందికి చూపించారు. వరుస తప్పిన అంకె కనపడితే చాలు, దొంగది అనడం అక్కడ నేర్చుకున్నారు.

"అది మీ కొలత అన్నమాట," అంది ఆ అమ్మాయి. "మా ల్యాబ్‌లో కూడా ఒక సాంపిలు పెట్టుకుంటాం, మెషీను సరిగ్గా చెప్తోందో లేదో చూడ్డానికి. అది చెడిపోయిందనుకోండి, ఆ రోజు రిపోర్టులన్నీ చెత్తబుట్టలోకే. దాని వెనకవైపు చూశారా మీరు?"

చూడలేదు. కొన్నప్పుడే అది ఫ్రేములో బిగించి ఉంది. విప్పితే పాడవుతుందని అన్నాడు అమ్మినవాడు. తర్వాత విప్పాల్సిన అవసరం రాలేదని తనకు తానే చెప్పుకుంటూ వచ్చారు. పాతికేళ్లలో ఒక్కసారైనా విప్పాలనిపించలేదా? అనిపించింది. అనిపించిన ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం పెట్టుకున్నారు.

ఫ్రేము దించారు. వెనక మేకులు ఊడదీస్తూంటే వేలు గీరుకుని రక్తం వచ్చింది. ఆ అమ్మాయి సంచిలోంచి దూది తీసి ఇచ్చింది. నోటు బయటికి తీసి తిరగేశారు. అద్దం కూడా అక్కర్లేకపోయింది. వెనక ఉబ్బి కనపడుతున్నది మూడు. ఉత్త మూడు. దాన్ని ఎనిమిది చేసిన ఎడమవైపు రెండు వంపులకీ వెనక ఆనవాలే లేదు. ఎవడో ఓపికగా, సన్నటి కలంతో గీసి కలిపాడు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అలమరలో తన పుస్తకాలు ముప్ఫై దాకా ఉన్నాయి, అన్నిటి అట్ట మీదా ఆ ఎనిమిదే. దాన్ని పక్కన పెట్టుకుని ఇన్నేళ్లలో ఎన్ని నోట్లని దొంగవన్నారు? ఎంతమంది నమస్కారం పెట్టి, మారు మాట్లాడకుండా వెళ్లిపోయారు? లెక్క పెట్టడానికి ధైర్యం చాల్లేదు.

"నేను వచ్చి మీ నాన్నగారికి చెప్తాను," అన్నారు.

"ఇప్పుడే రండి. రేపంటే మీరు రారు."

ఆ మాటకి ఆయనకు కోపం రాలేదు. నిజమే కాబట్టి.

సందు చివర టీకొట్టు దగ్గర నోట్ల సంఘం కార్యదర్శి స్కూటరు ఆపి నిలబడి ఉన్నాడు. మాస్టారిని చూడగానే చేతులు చాచి, "అబ్బ, ఆదివారం ఏం పట్టేశారు గురువుగారూ ఆ ముసలి దొంగని! 'చేతివాటం' అన్నారు చూడండి, మా ఇంట్లో రెండు రోజులుగా అదే మాట తిరుగుతోంది," అని పగలబడి నవ్వాడు. పక్కన నిలబడ్డ అమ్మాయి ఎవరో అతనికి తెలియదు.

చెప్పాల్సింది ఒక్క మాట. 'పొరపాటు నాదేనయ్యా' అంటే అయిపోయేది. మాస్టారు, "ఆ... ఆ... పనుంది, వస్తాను," అని గొణిగి ముందుకు నడిచారు.

పది అడుగులు వేశాక ఆ అమ్మాయి, "ఇప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా సార్," అంది, ఆయన వైపు చూడకుండానే.

మాస్టారు గిరుక్కున వెనక్కి తిరిగారు. వేగంగా నాలుగడుగులు వేశారు కూడా. స్కూటరు మలుపు తిరిగి వెళ్లిపోతోంది. చెయ్యెత్తి పిలిచారు, వినపడలేదు. నడిరోడ్డు మీద చెయ్యెత్తి నిలబడ్డ ఆయన్ని ఇద్దరు ముగ్గురు వింతగా చూశారు. చెయ్యి దించుకుని వచ్చి మళ్లీ ఆ అమ్మాయి పక్కన నడిచారు.

ఇల్లు మూడో అంతస్తులో. తలుపు చప్పుడే చెయ్యకుండా తెరుచుకుంది. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఎవరిదో పాత కుట్టుమెషీను విప్పి ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. పెద్దాయన ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి, పక్కన పెడుతున్నాడు. రెండు రోజుల గడ్డం. మాస్టారిని చూసి లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చున్నాడు. భయపడ్డాడని మాస్టారికి అర్థమైంది. ఇంటికొచ్చి మరీ ఏమంటారోనని.

"మీ నోటు మళ్లీ చూశాను," అన్నారు మాస్టారు. నిలబడే ఉన్నారు. "కుడివైపు చక్రం సగంలో బిగుసుకుంది. మీరు గీకలేదు. ఎవరూ గీకలేదు. నేను సరిగ్గా చూడకుండా, నలుగురిలో మిమ్మల్ని... మీ చొక్కా చూసి, మీ సంచి చూసి అన్నాను ఆ మాట. నోటు చూసి కాదు. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదు."

నోటుని బల్ల మీద పెట్టారు. పెద్దాయన దాన్ని ముట్టుకోలేదు.

"కూర్చోండి మాస్టారూ," అన్నాడు చివరికి. "మీ నోట ఆ మాట విందామనే ఆదివారం వచ్చాను. రెండు రోజులు ఆలస్యంగా విన్నాను, అంతే. వింటే గుండె బరువు దిగిపోతుందనుకున్నాను." తల అడ్డంగా ఊపాడు. "దిగలేదు."

"నాన్నా, ఇంకేం కావాలి నీకు?" అంది కూతురు. "అందరి ముందూ చెప్పిస్తాను. మళ్లీ మైకులోనే చెప్తారు. చెప్తారు కదా సార్?"

"చెప్తాను," అన్నారు మాస్టారు. ఈసారి గొణగలేదు.

పెద్దాయన కూతురి వైపు చూశాడు. "నువ్వు కాసేపు లోపలికి వెళ్లమ్మా."

"వెళ్లను."

"అమ్మ బజారు నుంచి ఎప్పుడొస్తుంది?"

"అరగంట పడుతుంది. ఏంటి నాన్నా? ఏం చెప్పబోతున్నావు?"

ఆయన చేతుల నూనె గుడ్డకి తుడుచుకున్నాడు. ఒకసారి తుడిచి, మళ్లీ తుడిచి, పొడిగా ఉన్న చేతుల్నే మూడోసారి తుడిచాడు.

"మీ అమ్మ కూడా ముద్రణాలయంలోనే పనిచేసేదని నీకు తెలుసు. నోట్లు సరిచూసే హాల్లో. నీకు పన్నెండేళ్లప్పుడు మానేసింది. నడుం నొప్పి అని చెప్పాం నీకు."

"అవును."

"నడుం నొప్పి కాదు. తీసేశారు."

ఆ అమ్మాయి గోడకి ఆనుకుంది.

"నా మెషీను మూడో నంబరుది," అన్నాడు పెద్దాయన. ఇప్పుడు ఆయన మాస్టారితో మాట్లాడుతున్నాడో కూతురితోనో తెలియడం లేదు. "వారానికోసారి చక్రాలు విప్పి కడగాలి. ఆ నెల పని ఎక్కువుంది. మూడు వారాలు కడగలేదు, కడిగానని పుస్తకంలో రాశాను. సిరా గట్టిపడి చక్రం బిగుసుకుంది. అచ్చయిన కట్టలు సరిచూసేది మా ఆవిడ. ఆవిడ వేలి నుంచి ఏదీ తప్పించుకోదు. ఒక నోటు పట్టుకుంది. ఇలాంటిదే. మూడో మెషీనులో చక్రం బిగుస్తోందని పైవాళ్లకి రాసిచ్చింది. అది మొగుడి మెషీను అని తెలిసే రాసిచ్చింది. ఇంటికొచ్చి నాతో చెప్పింది కూడా, 'రేపు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి, మహా అయితే తిడతారు' అని."

నూనె గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"అడిగారు. మీ మెషీనులో లోపం ఉందా అని. నాకు ఆ వారమే ఫోర్‌మన్ పదవి రాబోతోంది. లేదండీ అన్నాను. వారం వారం కడుగుతున్నానండీ అన్నాను. మెషీనులో లోపం లేకపోతే ఆ అంకె ఎలా వచ్చినట్టు? ఆవిడే గీకి దిద్దిందన్నారు. హాల్లో మంచిపేరు కోసం తప్పు పుట్టించిందన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నావైపు చూసింది. నేను కిందికి చూశాను."

"నాన్నా..." అంది ఆ అమ్మాయి. ఆ పిలుపులో ఇంతవరకూ ఉన్న ఆసరా ఏదో తెగిపోయింది.

"ఆవిడ ఉద్యోగం పోయిన ఏడో నెలలో, కిరాణా కొట్టువాడు చిల్లరలో ఈ నోటు ఇచ్చాడు నాకు. నా చెయ్యి నాకు తెలియదా? మూడో మెషీనుదే. ఆవిడ పట్టుకున్నది కాక, బయటికి జారిపోయిన ఇంకొకటి. దీన్ని పట్టుకెళ్లి ఆఫీసులో పెడితే ఆవిడ ఉద్యోగం ఆవిడకి వచ్చేసేది. నేను అబద్ధమాడానన్నది కూడా బయటపడేది. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకున్నాను. ఇరవై రెండేళ్లు."

మాస్టారికి టీకొట్టు దగ్గర తన గొంతులో ఇరుక్కున్న మాట గుర్తొచ్చి, తల ఎత్తలేకపోయారు. ఈ మనిషిని తాను ఏమని తప్పుపట్టగలరు?

"ఒక పెద్దమనిషి చేత ఇది అసలుదని రాయించుకుని, అప్పుడు ఆవిడ చేతిలో పెట్టి, కాళ్లు పట్టుకుందామనుకున్నాను," అన్నాడు పెద్దాయన. "అందుకే ఆదివారం మీ దగ్గరికి వచ్చాను."

"ఊళ్లో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు కదండీ నోట్లు చూసేవాళ్లు," అన్నారు మాస్టారు. అడగకుండా ఉండాల్సిందని అడుగుతూండగానే ఎందుకో అనిపించింది.

పెద్దాయన బల్ల మీది పనిముట్ల పెట్టెలో, నోటుని ఇన్నాళ్లూ దాచిన కింది అర లాగాడు. గుడ్డలో చుట్టిన కాగితాల మడత ఒకటి బయటికి తీశాడు. విచారణ ఉత్తర్వు నకలు. నాలుగు పేజీలు. మడతల దగ్గర చిరిగితే వెనక కాగితం అంటించి ఉంది. చివరి పేజీ తిప్పి మాస్టారి ముందుకు జరిపాడు.

పదకొండు లైన్లు. చేతిరాత. 'అంకె వరుస తప్పి ఉన్నది. దాని దిగువన గీకగా మిగిలిన సిరా కనిపించుచున్నది. కావున ఇది ముద్రణ దోషము కాదు. అచ్చు అయిన పిమ్మట ఎవరో బుద్ధిపూర్వకముగా మార్చినది.'

కింద సంతకం. అప్పట్లో సంతకం చివర ఒక మెలిక తిప్పేవారు మాస్టారు. బాగుంటుందని.

సీలు వేసిన కవరు ఒకటి వచ్చింది, అవును. ప్రభుత్వం వాళ్లు తన అభిప్రాయం అడిగారని ఇంట్లో, వీధిలో, కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నారు. ఎవరి నోటో, ఎందుకడిగారో తెలుసుకోవాలని తోచలేదు. గోడ మీది ఎనిమిదిని చూసి, ఒక్క పూటలో రాసి పంపేశారు. అది ఒక మనిషి బతుకు మీద రాసిన రాత అని ఇప్పుడు తెలుస్తోంది.

"మీరు ఒక్కరు కాదంటేనే ఆ కాగితం చెల్లకుండా పోతుంది," అన్నాడు పెద్దాయన. "ఇంకెవరు చెప్పినా చెల్లదు."

ఆ అమ్మాయి ముందుకొచ్చి, చివరి పేజీ చేతిలోకి తీసుకుని చదివింది. చదివి, మాస్టారి వైపు చూసింది. తర్వాత తండ్రి వైపు. కాగితాన్ని ఉన్నచోటే పెట్టేసింది.

తలుపు చప్పుడు చెయ్యదు కదా, ఆవిడ వచ్చిన సంగతి ఎవరికీ తెలియలేదు. కూరల సంచి నేల మీద ఆన్చిన శబ్దానికి ముగ్గురూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మెట్లెక్కిన ఆయాసంతో ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరొచ్చారు? మంచినీళ్లయినా ఇచ్చారా?" అంటూ లోపలికి వచ్చింది. "ఇదేమిటి, అందరి ముఖాలూ ఇలా ఉన్నాయి?"

పెద్దాయన చెయ్యి కాగితాల మీదికి వెళ్లింది. నోటు మీదికి వెళ్లడానికి మాత్రం రెప్పపాటు ఆలస్యమైంది. ఆవిడ చూపు అప్పటికే దాని మీద పడింది.

రెండు వేళ్లతో అందుకుంది. అందుకోవడంలోనే ఏదో పాత పని తెలిసిన ఒడుపు. ముందువైపు చూడనైనా చూడలేదు. తిరగేసి, వెనకవైపు బొటనవేలితో ఒక్కసారి రాసింది, అంచు నుంచి అంచుకి. ఒకచోట వేలు ఆగింది. అప్పుడు ముందుకు తిప్పి, కిటికీ వెలుతురుకి కొంచెం వాల్చి చూసింది. అంతా కలిపి రెండు మూడు క్షణాలు.

"మూడో మెషీను," అంది మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు.

ఆవిడ ముఖంలోకి రక్తం వచ్చింది. ఒక్క క్షణం వయసు తగ్గినట్టు కనిపించింది. "నేను చెప్పాను. చెప్పానా లేదా? ఇంకోటి ఉండే ఉంటుందని చెప్పాను. ఎవరు తెచ్చారు దీన్ని? మీరా?" అని మాస్టారి వైపు తిరిగింది, కళ్లనిండా కృతజ్ఞతతో.

మాస్టారు నోరు విప్పబోయారు. ఈలోగా ఆవిడ ఏదో గమనించి, నోటుని ముక్కు దగ్గరికి తీసుకుంది. మెషీను నూనె వాసన. ఆవిడ చూపు బల్ల మీద తెరిచి ఉన్న పనిముట్ల పెట్టె మీదికి, లాగి ఉన్న కింది అర మీదికి, అక్కణ్ణుంచి భర్త మీదికి వెళ్లి ఆగింది. ముఖంలోకి వచ్చిన రక్తం వచ్చినంత వేగంగానే వెనక్కి పోయింది.

మాస్టారు తల దించుకున్నారు. ఆ అమ్మాయి తల తిప్పుకుంది. పెద్దాయన మాత్రం, ఇరవై రెండేళ్ల తర్వాత, ఆవిడ కళ్లలోకి చూడటానికి తల ఎత్తాడు.

"ఏమండీ," అంది ఆవిడ. "ఇది ఎన్నాళ్లుగా మన ఇంట్లో ఉంది?"